ప్రకాశం గెలుపు, పతనం: 1946 నాయకత్వ ఎన్నిక

పార్టీ పెద్దలు వద్దనుకున్న అభ్యర్థి నాయకుడు కాగలడా? 1872లో ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించిన టంగుటూరి ప్రకాశం ఉదంతాన్ని పరిశీలించండి.

1946 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో కాంగ్రెస్ ఆధిక్యం సాధించింది. ఆనాడు రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రధానమంత్రి అనేవారు. ఆ పదవికి గాంధీజీ, పార్టీ అధిష్ఠానం రాజాజీ వైపు మొగ్గారు. కాబట్టి ప్రకాశం గెలుపు దాదాపు అసాధ్యమనిపించింది. అయితే 1942లో క్విట్ ఇండియా ఉద్యమాన్ని వ్యతిరేకించిన రాజాజీని కామరాజ్ వర్గం అంగీకరించలేదు. తన అభ్యర్థిగా ముత్తురంగ మొదలియారును నిలిపింది. రాజాజీ వర్గం తటస్థంగా ఉండిపోయింది. ఈ చీలిక ప్రకాశానికి కలిసివచ్చింది. ఆయన ఎన్నికై, 1946 ఏప్రిల్ 30న పదవి చేపట్టారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రత్యర్థులు విడిపోవడం వల్ల వచ్చిన గెలుపు, వారు కలిసేదాకానే నిలుస్తుంది. ఆంధ్రుల్లోనూ పట్టాభి సీతారామయ్య వర్గం ప్రకాశానికి వ్యతిరేకమే. ఖద్దరును ప్రోత్సహించడానికి కొత్త బట్టల మిల్లులను అడ్డుకున్న ఆయన విధానం మిల్లు యజమానులకు కంటగింపైంది. 1947 మార్చిలో, ఏడాది నిండకముందే, సొంత పార్టీ సభ్యులే ఆయనను గద్దె దింపారు.

ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ప్రజాదరణ ఆయనకు కొదవ కాదు. కొరవడింది శాసనసభా పక్షంలో నిలకడైన మద్దతు. ఈ రెండింటికీ గల భేదాన్ని మీ మాటల్లో రాయండి.