బంతి చంకన పెట్టుకుని పరుగెత్తినోళ్లు



అమెరికన్ ఫుట్‌బాల్ అనగానే మనోళ్లు చాలామంది నవ్వుతారు. చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేంటి అని. నిజమే. కానీ ఆ ఆట ప్రొఫెషనల్‌గా నిలబడిన తొలి రోజుల్లో ఆదివాసుల కాళ్లు ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాల్లో 'రెడ్ ఇండియన్స్' అని ఒక్క ముక్కలో తేల్చేసిన జనం వాళ్లు. ఆ సంగతి చెప్పాలంటే ముందు 'రన్నింగ్ గేమ్' అంటే ఏంటో తెలియాలి. కొంచెం ఓపిక పట్టండి.

జట్టుకి 11 మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకి జరిగితే మళ్లీ కొత్తగా నాలుగు వస్తాయి, లేకపోతే బంతి అవతలోళ్లకి పోతుంది. ముందుకి జరగడానికి రెండు దారులు. ఒకటి, బంతిని గాల్లో ముందుకి విసరడం. రెండోది, ఒకడు దాన్ని చంకన ఇరికించుకుని మనుషుల మధ్యలోంచి దూరిపోవడం. ఈ రెండోదే రన్నింగ్ గేమ్. కబడ్డీలో కూతకెళ్లినోడిని ఏడుగురూ మీదపడి పట్టేసినట్టే ఇక్కడా పట్టేస్తారు. తేడా ఏంటంటే వీడికి తోడు నడిచేవాళ్లుంటారు, ముందు నిలబడి దారి తెరిచేవాళ్లు.

ఒక్కో పరుగుకి మూడో నాలుగో గజాలు వస్తే గొప్ప. చూసేవాళ్లకి విసుగు. అయినా కోచ్‌లు దాన్ని ఎందుకు నమ్ముకున్నారంటే, విసిరిన బంతి నేలపడితే గడియారం ఆగుతుంది, అవతలోడు మధ్యలో అందుకుంటే బంతే పోతుంది. మైదానం లోపలే పట్టేసిన పరుగుకి గడియారం నడుస్తూనే ఉంటుంది. ముందంజలో ఉన్న జట్టు అలా కాలాన్ని తినేస్తుంటే ఎదుటి జట్టులో ఎంత మొనగాడున్నా పక్కన కూర్చుని చూడాల్సిందే.

1906కి ముందు బంతిని ముందుకి విసరడానికి రూలే లేదు. అంతా పరుగే. మూడు అవకాశాల్లో 5 గజాలు జరిగితే చాలు కాబట్టి బలం ఉన్నోళ్లంతా ముద్దగా గుంపుకట్టి ఒకే చోట గుద్దేవాళ్లు. తలకి సరైన రక్షణ కూడా లేదు. కాలేజీ పిల్లలు చచ్చిపోయారు. 1905లో ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీలోళ్లని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. మరుసటి ఏడు రూల్స్ మారాయి. ముందుకి విసరొచ్చన్నారు, 5 గజాలని 10 చేశారు.

ఇక్కడే కార్లైల్ వస్తుంది.

పెన్సిల్వేనియాలో 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పెట్టిన బోర్డింగ్ స్కూల్ అది. ఆదివాసీ పిల్లల్ని రైళ్లలో ఎక్కించి ఇంటికి వందల మైళ్ల దూరం తెచ్చారు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్ష. 1918లో మూతపడేదాకా అక్కడికొచ్చిన పిల్లల్లో చాలామంది జబ్బులతో పోయారు, వాళ్లలో చాలామంది సమాధులు ఆ ఊళ్లోనే ఉన్నాయి. హాస్టల్లో చదువుకున్న మనకి ఇంటిమీద బెంగ అంటే ఏంటో తెలుసు. అయితే మన బెంగకి సెలవులుండేవి.

ఆ స్కూల్ ఫుట్‌బాల్ జట్టు హార్వర్డ్, పెన్సిల్వేనియా లాంటి పెద్ద యూనివర్సిటీల మీద ఆడేది. మనుషులు బరువులో తక్కువ. గుంపుకట్టి గుద్దే ఆటలో వాళ్లకి చోటు లేదు. అందుకే కోచ్ పాప్ వార్నర్, ఆ కుర్రాళ్లు కలిసి వేరే దారి వెతికారు. 1903లో హార్వర్డ్ మీద బంతిని ఒకడి జెర్సీ వెనక్కి దోపేసి అందరూ తలోదిక్కు పరుగెత్తారు. బంతి ఎవడి దగ్గరుందో హార్వర్డోళ్లకి అర్థమయ్యేలోపు వాడు గీత దాటేశాడు. (మ్యాచ్ మాత్రం 12-11తో ఓడిపోయారు.) 1907లో, విసిరే రూల్ వచ్చిన రెండో ఏడాదే, పాస్‌లతో పెన్సిల్వేనియాని 26-6తో కొట్టారు. విసురుతారేమో అన్న భయానికి అవతలోళ్లు వెడల్పుగా సర్దుకుంటారు. అప్పుడు మధ్యలో సందులొస్తాయి, ఆ సందుల్లోంచి పరుగు. ఇవ్వాళ్టి కోచ్‌లు చెప్పేది కూడా ఇదే.

1912 నవంబర్ 9న వెస్ట్ పాయింట్‌లో అమెరికా సైనిక అకాడమీ జట్టుతో ఆట. వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటాలని కాల్చి చంపి అప్పటికి 22 ఏళ్లే. ఎదురుగా ఆడుతున్నది రేపటి సైనికాధికారులు, వాళ్లలో తర్వాత ప్రెసిడెంట్ అయిన ఐసెన్‌హోవర్ ఒకడు. కార్లైల్ 27, ఆర్మీ 6. బంతిని మోసింది ఎక్కువగా జిమ్ థోర్ప్, సాక్ అండ్ ఫాక్స్ తెగ కుర్రాడు. ఆ ఎండాకాలమే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లో బంగారం గెలిచొచ్చినోడు.

అప్పటి పత్రికలు వాళ్ల గెలుపుని 'జాతి లక్షణం' అన్నట్టు రాసేవి. ఈ మాట మనకీ అలవాటే. మన పిల్లలు మీట్‌లో మెడల్ కొడితే 'కొండల్లో తిరిగినోళ్లు కదా, పరుగు రక్తంలోనే ఉంటది' అంటారు. మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది గానీ, పొద్దున్నే లేచి చేసిన ప్రాక్టీసు, వేసిన ఎత్తు, వాడిన బుర్ర అన్నీ అందులో మాయమైపోతాయి. ఆర్మీ మీద కార్లైల్ వాడిన డబుల్ వింగ్ అమరికలో బంతి ఎటుపోతుందో చివరిదాకా తెలియదు. వారాల తరబడి నేర్చుకుంటేగానీ రాని విద్య అది. పెద్ద కాలేజీలోళ్లు చేస్తే దాన్ని వ్యూహం అంటారు, ఆదివాసీ చేస్తే రక్తం అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

1913లో థోర్ప్ మెడల్స్ లాక్కున్నారు. అంతకుముందు ఎండాకాలాల్లో చిన్న డబ్బులకి బేస్‌బాల్ ఆడాడని. మిగతా కాలేజీ కుర్రాళ్లు దొంగపేర్లతో ఆడేవాళ్లు, ఇతను సొంత పేరుతో ఆడాడు. కార్లైల్‌లో ఆటల డబ్బు ఎటుపోతోందని 1914లో అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపింది, వార్నర్ మీద విద్యార్థులే సాక్ష్యం చెప్పారు.

1915లో ఒహాయోలోని కాంటన్ బుల్‌డాగ్స్ థోర్ప్‌కి ఆటకి 250 డాలర్లు ఇచ్చి తెచ్చుకుంది. అప్పటి లెక్కలో అది చాలా పెద్ద మొత్తం. అతని పరుగు చూడ్డానికి జనం టికెట్ కొన్నారు. 1920లో కాంటన్‌లోనే ఒక కార్ల షోరూమ్‌లో జట్ల ఓనర్లు కూర్చుని లీగ్ పెట్టుకుంటే మొదటి ప్రెసిడెంట్‌గా పెట్టింది అతన్నే. 1922లో దాని పేరు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయింది.

అదే ఏడు ఒహాయోలో లారూ అనే చిన్న ఊరి నుంచి ఊరాంగ్ ఇండియన్స్ జట్టు దిగింది. ఆటగాళ్లంతా ఆదివాసులే, థోర్ప్ కోచ్. థోర్ప్‌తో పాటు తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కిన జో గయాన్ కూడా ఉన్నాడు. ఓనర్ వాల్టర్ లింగో కుక్కల వ్యాపారి. జట్టు పెట్టింది తన ఎయిర్‌డేల్ కుక్కల ప్రచారానికి. విరామంలో ఆటగాళ్లు విశ్రాంతి తీసుకోరు. డాన్సులు చెయ్యాలి, గొడ్డళ్లు విసరాలి, కుక్కలతో విన్యాసాలు చూపించాలి. ఒకతను ఎలుగుబంటితో కుస్తీ కూడా పట్టాడు. అదయ్యాక మళ్లీ వచ్చి బంతి మోయాలి. 1922లో 3 గెలుపులు, 6 ఓటములు. 1923లో ఒకటే గెలుపు, 10 ఓటములు. తర్వాత జట్టే లేదు. ఆడడం రానోళ్లు కాదు వాళ్లు. ఆటకంటే తమాషా ముఖ్యమైన చోట పడ్డారు.

తర్వాతి కథ త్వరగా చెప్తా. 1933లో గీత వెనక ఎక్కడినుంచైనా విసరొచ్చన్నారు, పాస్ మెల్లగా పెరిగింది. అయినా పరుగు చావలేదు. 1972 మయామీ డాల్ఫిన్స్‌లో ఒకే జట్టు నుంచి ఇద్దరు, సాంకా, మోరిస్, వెయ్యి గజాలు పరుగెత్తారు. ఆ సీజన్ ఒక్క ఆటా ఓడలేదు. మరుసటి సీజన్ సూపర్ బౌల్‌లో అయితే వాళ్లు మొత్తం 7 పాస్‌లే విసిరి గెలిచారు. 1978లో రూల్స్ పాస్‌కి అనుకూలంగా మార్చాక లెక్క తిరగబడింది. పరుగెత్తేవాడికి దెబ్బలెక్కువ, ఆట వయసు తక్కువ, జీతం మీద బేరాలు ఎక్కువ. 2023లో ఆ గొడవ బాహాటంగానే నడిచింది. అందులో ఒకడైన సేక్వాన్ బార్క్‌లీ జట్టు మారి, 2024లో 2,005 గజాలు పరుగెత్తి, ఫిలడెల్ఫియాతో సూపర్ బౌల్ గెలిచాడు.

థోర్ప్ 1953లో కాలిఫోర్నియాలో చనిపోయాడు, చేతిలో డబ్బు లేకుండా. మూడో భార్య అతని శరీరాన్ని పెన్సిల్వేనియాలో ఒక ఊరికి ఇచ్చింది. బతికుండగా ఆ ఊరితో అతనికి ఏ సంబంధమూ లేదు. టూరిస్టులొస్తారన్న ఆశతో వాళ్లు ఊరి పేరే జిమ్ థోర్ప్ అని మార్చుకున్నారు. ఒలింపిక్ కమిటీ 1982లో మెడల్స్ తిరిగి ఇస్తానంది, అతనొక్కడే విజేత అని ఒప్పుకున్నది మాత్రం 2022లో. తండ్రిని ఒక్లహోమాలో సొంతజనం మధ్య పాతిపెట్టుకుంటామని కొడుకులు కోర్టుకెళ్లారు. 2015లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. సమాధి ఇంకా పెన్సిల్వేనియాలోనే ఉంది.