స్పుత్నిక్ కంటే ముందే తోకచుక్క

మనిషి చేసిన తొలి ఉపగ్రహం స్పుత్నిక్ 1957 అక్టోబరు 4న నింగికెగసింది. అంతకు మూడేళ్ల ముందే, 1954లో, పిల్లల పత్రిక 'చందమామ'లో 'తోకచుక్క' సీరియల్ మొదలైంది. సమరసేనుడి సాహసయాత్ర, ఏకాక్షి, చతుర్నేత్రుడనే మాంత్రికుల పోరు, వింత జీవులు, కొత్త లోకాలు. కథ మంచి పట్టులో ఉండగా 'ఇంకా ఉంది' అని ఆగిపోయేది. రాసిందెవరో పత్రికలో ఉండేది కాదు. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. ఊరు అప్పటి గుంటూరు జిల్లా పెదగాదెలవర్రు. అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రవాడు.

మిర్చి ఘాటుకూ పత్తి చేలకూ పేరుపడ్డ ఈ గుంటూరు జిల్లా నుంచే తెలుగు పిల్లల ఊహాలోకం చాలావరకు వచ్చింది. 1947 జులైలో బి. నాగిరెడ్డితో కలిసి 'చందమామ' ప్రారంభించిన చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. కుటుంబరావు విజయనగరంలో భౌతికశాస్త్రం చదివి, బెనారసులో ఎమ్మెస్సీలో చేరారు. ఆర్థికమాంద్యం రోజుల్లో ఆ చదువు సగంలోనే ఆగిపోయింది. దేవుణ్నీ దయ్యాన్నీ నమ్మని ఆ మనిషే పిల్లల కోసం భారత, రామాయణాలను సరళమైన తెలుగులో చెప్పారు. ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ అణుశాస్త్రవేత్త అయి, తెలుగులో సైన్సు వ్యాసాలు రాశారు. పురాణాన్ని పిల్లలకు ఇవ్వడానికి భక్తి ఒక్కటే దారి కాదని నేను గట్టిగా నమ్మడానికి ఈ ఇల్లే ఆధారం.

'తోకచుక్క'లో రాకెట్లు లేవు. తర్వాత వచ్చిన 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'యక్షపర్వతం', 'భల్లూక మాంత్రికుడు'లోనూ లేవు. అయినా పద్నాలుగేళ్ల పాఠకుడు అంతరిక్ష కథలో వెతికేవన్నీ వాటిలో ఉన్నాయి: ఇల్లు విడిచి వెళ్లే యువవీరులు, తెలియని లోకం, దాని నియమాలు, స్నేహం, ద్రోహం. చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మలు వాటిని కళ్లకు కట్టాయి. యక్షులూ రాక్షసులూ మన పురాణాల నుంచి వచ్చినవారే. దాసరి వారిని పూజాపీఠం మీద కూర్చోబెట్టలేదు, కథలో పరుగెత్తించారు.

నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ సినిమా 'మాయాబజార్' విడుదలైంది 1957 మార్చిలో, అంటే స్పుత్నిక్‌కు ఆరునెలల ముందు. అందులో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎక్కడో దూరంగా ఉన్న ప్రియుడు ఎదురుగా కనిపిస్తాడు. ఆ పెట్టెలోకి చూసిన శశిరేఖ సావిత్రి, గుంటూరు జిల్లా చిర్రావూరు ఆడపడుచు. ఇవాళ్టి వీడియో కాల్‌ను ఆ సినిమా రచయిత పింగళి నాగేంద్రరావు అప్పుడే ఊహించారని అనబోను. పురాణపాత్రల చేతికి యంత్రంలాంటి వస్తువిచ్చి, దాన్ని మనచేత నమ్మించిన నేర్పు మాత్రం అసాధారణం.

ఈ దారి ఇప్పుడు ప్రపంచమంతా తొక్కుతోంది. సంగు మందన్న ఇంగ్లిషులో 2018లో తెచ్చిన 'ఎ స్పార్క్ ఆఫ్ వైట్ ఫైర్' నవల మహాభారతాన్ని అంతరిక్ష రాజ్యాల మధ్యకు తీసుకెళ్లి, ఒక అమ్మాయిని నాయికను చేసింది. 2024లో నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ'లో అశ్వత్థామ భవిష్యత్తులోకి నడిచొచ్చాడు. కౌమారంలో ఉన్న పిల్లల కోసం తెలుగులో రాసిన ఇలాంటి నవలలు మాత్రం బహు తక్కువ. దాసరి 2010లో వెళ్లిపోయారు. అర్ధశతాబ్దానికి పైగా ఆయన పనిచేసిన పత్రిక కూడా ఆగిపోయింది.

చంద్రయాన్-3 ఎగిరిన శ్రీహరికోట గుంటూరుకు దక్షిణాన, ఇదే కోస్తాలో ఉంది. చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు బడుల్లో చదివే పిల్లలకు ఆ ప్రయోగాల వార్తలూ తెలుసు, ఘటోత్కచుడి మాయలూ తెలుసు. ఈ రెండింటినీ కలిపే నవల వాళ్లకు ఇవ్వాల్సింది మన రచయితలే. అది వచ్చేలోగా, పంతుళ్లూ గ్రంథాలయాల వాళ్లూ దాసరి సీరియళ్లను తెప్పించి పిల్లల చేతుల్లో పెట్టండి. రాసినాయన పేరు కూడా చెప్పండి.