ద్రాక్షతోటల నుంచి ఓటుపెట్టె దాకా

ఎన్నికలు దగ్గర పడినప్పుడల్లా మన తెలుగువాళ్ల కూడికల్లో ఒక మాట వినిపిస్తుంది. "మనకు ఓటే లేదు, ఈ గొడవ మనకెందుకండీ?" వీసా మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడినవారు ఇలా అనుకోవడంలో వింత లేదు. కానీ ఇదే దేశంలో ఓటు లేనివాళ్లు, ఇంగ్లీషు రానివాళ్లు, పంట ఎక్కడ కోతకొస్తే అక్కడికి మకాం మార్చే కూలీలు కలిసి కాలిఫోర్నియా రాజకీయాలను మలుపు తిప్పిన చరిత్ర ఒకటుంది. వలస వచ్చిన వాళ్లందరూ తెలుసుకోదగ్గ చరిత్ర అది.

1947లో లాస్ ఏంజెలెస్ నగర కౌన్సిల్ ఎన్నికల్లో ఎడ్వర్డ్ రోయ్‌బాల్ అనే మెక్సికన్ అమెరికన్ ఓడిపోయారు. ఆయన పేటలో జనానికి కొదవ లేదు, ఓటర్ల జాబితాలో పేర్లకే కొదవ. ఆ సమయంలోనే ఫ్రెడ్ రాస్ అనే తెల్లజాతి కార్యకర్త వచ్చి చేరాడు. అంతకుముందు ఆర్విన్ దగ్గర వలస కూలీల ప్రభుత్వ శిబిరాన్ని నడిపిన అనుభవం ఆయనకుంది. ఇద్దరూ మరికొందరితో కలిసి కమ్యూనిటీ సర్వీస్ ఆర్గనైజేషన్ అనే సంఘాన్ని నిలబెట్టారు. ఓటర్ల పేర్లు రాసుకునే అధికారం తమ వాళ్లకే ఇప్పించుకుని, స్పానిష్‌లో మాట్లాడుతూ గడప గడపకూ తిరిగారు. సుమారు 15,000 మంది కొత్త ఓటర్లు నమోదయ్యారు. 1949లో రోయ్‌బాల్ గెలిచారు.

రాస్ పద్ధతిలో గొప్ప రహస్యమేమీ లేదు, ఓపిక మాత్రం చాలా కావాలి. ఒకరింట్లో సాయంత్రం పూట ఏడెనిమిది మంది చుట్టాలూ పక్కాలూ చేరతారు. వచ్చిన కార్యకర్త ఉపన్యాసం దంచడు. వీధిలో దీపాలు లేవా, మురుగు నీరు ఇళ్లలోకి వస్తోందా, పోలీసులు కుర్రాళ్లను కొడుతున్నారా అని అడిగి వింటాడు. ఆ తర్వాతే సంఘం సంగతి ఎత్తుతాడు. లేచి వెళ్లేముందు మాత్రం ఒక ప్రశ్న తప్పనిసరి: వచ్చే కూటమి ఎవరింట్లో? ఒక ఇంటి నుంచి రెండిళ్లు, రెండిళ్ల నుంచి నాలుగు. కొన్ని వారాలు ఇలా రాత్రిళ్లు తిరిగాక అందరినీ ఒకచోట చేర్చి శాఖ పెట్టేవారు. వస్తానన్నవాడికి ముందు రోజు ఒకసారి, ఆ రోజు ఇంకోసారి గుర్తు చేయాలన్నది రాస్ పట్టుదల. మన సంఘాల్లో కార్యక్రమాలు నడిపినవారికి ఈ జాగ్రత్త విలువ వేరే చెప్పనక్కర్లేదు.

1952లో శాన్ హోసేలో రాస్ సీజర్ చావెజ్ అనే పాతికేళ్ల కూలీ ఇంటికి వెళ్లాడు. ఆ పేటకు జనం పెట్టుకున్న పేరుకు "చేతనైతే బయటపడు" అని అర్థం. పరిశోధన పేరుతో వచ్చి ఏవేవో అడిగిపోయే తెల్లదొరల్లో ఇతనూ ఒకడని చావెజ్ అనుకున్నాడు. మిత్రుల్ని పిలిచి, నేను సిగరెట్టు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చగానే ఇతణ్ణి తగులుకోండని ముందే చెప్పి ఉంచాడు. రాస్ మాట్లాడుతూ పోయాడు, సిగరెట్టు చేయి మారలేదు. మూడేళ్లకు స్టాక్టన్‌లో డొలోరెస్ వెర్తా కూడా ఇలాగే రాస్ వల్లనే సంఘంలోకి వచ్చారు.

మనం గమనించాల్సిన సంగతి ఇక్కడే ఉంది. ఈ సంఘంలో సభ్యత్వానికి పౌరసత్వం అక్కర్లేదు. 1952 నాటి చట్టం, దేశంలో చాలాకాలం ఉన్న వృద్ధులు ఇంగ్లీషు రాకపోయినా పౌరసత్వం పొందే వీలు కల్పించింది. సంఘం వారి కోసం రాత్రి బడులు నడిపింది. పౌరులు కాని వృద్ధులకు కూడా కాలిఫోర్నియాలో పింఛను ఇప్పించే చట్టం 1961లో వచ్చింది. అందుకోసం శాసనసభ్యుల చుట్టూ తిరిగినవారిలో వెర్తా ముఖ్యులు. ఓటు లేని ముసలివాళ్ల పని ఓటున్న పిల్లల చేత చేయించారన్నమాట.

పొలం కూలీలకు సంఘం పెడదామన్న చావెజ్ ఆలోచన పాత సంఘానికి నచ్చలేదు. ఆయన రాజీనామా చేసి, 1962లో వెర్తాతో కలిసి డెలానో కేంద్రంగా కొత్త సంఘం మొదలుపెట్టారు. మళ్లీ అదే ఇంటి కూటముల పద్ధతి. 1935 నాటి కార్మిక చట్టం సంఘం పెట్టుకునే హక్కును పొలం పనివారికి ఇవ్వలేదు కాబట్టి కోర్టుకెక్కే దారి కూడా లేదు. అయితే 1965 సెప్టెంబర్ 8న డెలానోలో సమ్మె మొదలుపెట్టింది వీరు కారు, లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలోని ఫిలిప్పీన్ కూలీలు. వారం తర్వాత మెక్సికన్లు వచ్చి చేరారు. ఇట్లియాంగ్ పేరు చాలాకాలం మరుగున పడిపోవడం అన్యాయమే.

సమ్మె ఒక్కటే గెలిపించలేదు. ద్రాక్ష కొనవద్దని ఊరూరా చెప్పడానికి కూలీలు, విద్యార్థులు, చర్చి వారు దేశమంతటా వెళ్లారు. 1968 చలికాలంలో డెలానో నుంచి ఒక బస్సు నిండా కూలీలు న్యూయార్క్ చేరారు. వలంటీరుకు వారానికి 5 డాలర్ల చేతిఖర్చు, తలదాచుకునే చోటు, తిండి. అంతే! మంచులో కొట్ల ముందు నిలబడి, వచ్చిన ప్రతి ఇల్లాలితో మాట్లాడేవారు. 1970 జులై 29న డెలానో యజమానులు ఒప్పందాలపై సంతకాలు పెట్టారు.

మధ్యలో, 1968 జూన్ 4న కాలిఫోర్నియా ప్రైమరీ వచ్చింది. రాబర్ట్ కెనెడీ కోసం కూలీలు బహిష్కరణ పని కొంత ఆపి, తూర్పు లాస్ ఏంజెలెస్‌లో ఇల్లిల్లూ తిరిగారు. ఆయన గెలిచారు. ఆ రాత్రి వేదికపై వెర్తా పక్కనే ఉన్నారు. కొద్ది నిమిషాలకే తూటాలు పేలాయి. 1972లో కూలీల బహిష్కరణ హక్కునే తుడిచిపెట్టే 22వ ప్రతిపాదనను యజమానులు ఓటింగుకు తెచ్చారు. వలంటీర్లు అట్టలు పట్టుకుని రోడ్ల పక్కన నిలబడ్డారు. అది ఓడిపోయింది.

1973లో ఒప్పందాల గడువు తీరి చాలా వరకు చేజారాయి. మళ్లీ సమ్మె. ఆగస్టులో నాగీ దైఫుల్లా అనే యెమెన్ యువకుడు పోలీసు దెబ్బకు చనిపోయాడు. వయసు 24. అరబిక్, స్పానిష్, ఇంగ్లీషు వచ్చినందున తోటివారికి దుబాసీగా ఉండేవాడు. పొట్టకూటి కోసం అంత దూరం వచ్చిన కుర్రాడు! 1975లో కాలిఫోర్నియాలో పొలం కూలీలకు చట్టం వచ్చింది.

తర్వాతి కథ అంత బాగుండదు, దాచడం కూడా మంచిది కాదు. చావెజ్ తన పాత కార్యకర్తలనే అనుమానించడం మొదలుపెట్టారు. ద్రోహులన్న ముద్ర వేసి కొందరిని వెళ్లగొట్టారు. 1978లో జీతాలివ్వాలా, అందరూ వలంటీర్లుగానే ఉండాలా అన్న వాదనలో నాయకత్వం స్వల్ప తేడాతో పాత పద్ధతికే మొగ్గింది. సంఘం లాయర్లలో చాలామంది వెళ్లిపోయారు. పెళ్లాం బిడ్డలున్న మనిషి వారానికి 5 డాలర్లతో ఎన్నేళ్లు నెట్టుకొస్తాడు? త్యాగం కోరడం ఒక ఎత్తు, దాన్ని అలుసుగా తీసుకోవడం ఇంకో ఎత్తు. 1981లో పదహారేళ్లు పనిచేసిన మార్షల్ గాంజ్ కూడా తప్పుకున్నారు.

ఆ గాంజే తర్వాత హార్వర్డ్‌లో పాఠాలు చెప్పి, 2007లో బరాక్ ఒబామా ప్రచార వలంటీర్ల శిక్షణ శిబిరాలకు రూపం ఇచ్చారు. ఎవరి కథ వారు చెప్పుకోవడం, పొరుగువారిని ఇంటికి పిలవడం, మళ్లీ ఎవరింట్లో అని అడగడం అక్కడా నేర్పారు. 2008లో ఆ ప్రచారపు నినాదం "అవును, మనం చేయగలం". అది 1972లో అరిజోనాలో, ఇక్కడ మన వల్ల కాదన్న స్థానిక నాయకులకు వెర్తా స్పానిష్‌లో ఇచ్చిన జవాబు. 2012లో ఆమెకు దేశ అత్యున్నత పౌర పురస్కారం ఇస్తూ, ఆ మాట ఆమె దగ్గరే తీసుకున్నానని ఒబామా నవ్వుతూ ఒప్పుకున్నారు. అప్పటికి ఆమెకు 82 ఏళ్లు.