రక్షణ నిశ్చయత

తన పాపాలకు క్షమాపణ దొరికిందని, కన్ను మూస్తే దేవుని సన్నిధికే చేరతానని ఒక క్రైస్తవ విశ్వాసి బతికుండగానే నిబ్బరంగా చెప్పగలగడాన్ని రక్షణ నిశ్చయత అంటారు. అలా చెప్పవచ్చా, చెబితే దేన్ని ఆధారం చేసుకుని చెప్పాలి అన్న విషయంలో సంఘాల మధ్య దాదాపు ఐదువందల ఏళ్లుగా అభిప్రాయభేదాలున్నాయి. తెలుగునాట ఇది వేదాంత కళాశాలల గోడల మధ్య ఆగిన చర్చ కాదు. రాయలసీమ పట్టణాల్లో అన్న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) చర్చికి, తమ్ముడు భక్తసింగ్ నెలకొల్పిన హెబ్రోను కూటాలకు వెళ్లే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. "నీకు రక్షణ ఉందా అన్నా?" అని తమ్ముడు అడిగాడంటే, పుట్టినప్పటి నుంచి గుడికి వెళ్తున్న అన్నకు ఆ ప్రశ్నే అవమానంగా తోస్తుంది.

ఈ ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. నేను ఇప్పుడు రక్షణలో ఉన్నానా అన్నది మొదటిది. కడవరకూ అందులో నిలుస్తానా అన్నది రెండోది. మొదటిదానికి అవునని, రెండోదానికి చెప్పలేమని అనే సంఘాలున్నాయి. రెంటికీ అవుననే సంఘాలూ ఉన్నాయి. ఈ తేడా గమనించకుండా వాదించుకోవడం వల్లే చాలా తగవులు తెగకుండా సాగుతున్నాయి.

లేఖనాధారాలు

నిశ్చయత సాధ్యమనేవారు ముందుగా తెరిచేది యోహాను మొదటి పత్రిక. విశ్వసించినవారు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలనే తాను రాస్తున్నట్టు ఆ పత్రిక 5వ అధ్యాయంలో రచయిత చెబుతాడు. తన గొర్రెలను తన చేతిలోంచి ఎవరూ అపహరించలేరని యోహాను సువార్త 10వ అధ్యాయంలో యేసు ఇచ్చిన మాట, దేవుని ప్రేమ నుంచి మరణం కూడా విడదీయలేదని రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు రాసిన భాగం ఈ పక్షానికి పట్టుకొమ్మలు.

జాగ్రత్త చెప్పే వాక్యాలూ అదే గ్రంథంలో ఉన్నాయి. ఒకసారి వెలుగు చూసి తర్వాత తప్పిపోయినవారి గురించి హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం చెప్పే మాటలు చాలా కఠినమైనవి. భయంతో, వణుకుతో రక్షణను కొనసాగించుకోమని ఫిలిప్పీ పత్రిక చెబుతుంది. అన్నిటికన్నా కలవరపెట్టేది మత్తయి సువార్త 7వ అధ్యాయం. ప్రభువు పేరిట ప్రవచించి, దయ్యాలను వెళ్లగొట్టినవారిని తానెన్నడూ ఎరగనని ఆయన పంపేస్తాడు. అక్కడ నిలబడ్డవారికి తమ రక్షణ మీద ఏ సందేహమూ లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. అంటే నమ్మకంగా ఉన్నంత మాత్రాన ఆ నమ్మకం నిజమైపోదు. నిశ్చయత గురించి చెప్పే ఏ బోధ అయినా ఈ భాగానికి జవాబు చెప్పి తీరాలి.

సిద్ధాంత చరిత్ర

కథోలిక సంఘం ఈ విషయంలో తన తీర్పును ట్రెంట్ మహాసభలో, 1547 జనవరి 13న ప్రకటించింది. దేవుని కృప మీద, క్రీస్తు పుణ్యఫలం మీద, సంస్కారాల శక్తి మీద ఎవరూ సందేహపడకూడదు. అయితే తన బలహీనత తెలిసినవాడు తాను కృపలో ఉన్నానని పొరపాటుకు తావులేనంత ఖాయంగా చెప్పలేడు. చివరిదాకా నిలకడగా ఉండే వరం తనకు దక్కిందని ప్రత్యేక దైవదర్శనం లేకుండా ఎవరూ అనలేరు. దీన్ని భయపెట్టే బోధగా చూపడం ప్రొటెస్టెంట్ ప్రసంగాల్లో పరిపాటి. అది న్యాయం కాదు. కథోలిక విశ్వాసి జ్ఞానస్నానం, పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం ఆసరాగా నిరీక్షణతో బతుకుతాడు. ఆ నిరీక్షణ గట్టిదే. కాకపోతే దాన్ని నిశ్చయం అనడానికి సంఘం ఒప్పుకోదు.

మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో, చేసిన పాపాలన్నీ ఒప్పుకున్నానా లేదా అన్న దిగులుతో నలిగిపోయాడు. తన లోపలికి చూసుకున్నకొద్దీ సందేహమే పెరుగుతుందని, చూడవలసింది బయట ఉన్న వాగ్దానం వైపని ఆయన తేల్చుకున్నాడు. శోధన వచ్చినప్పుడు తాను బాప్తిస్మం పొందినవాణ్ణని తలచుకుని నిలబడేవాడు. 1842లో గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ వచ్చిన నాటి నుంచి తెలుగు లూథరన్లకు అందిన వారసత్వం ఇదే.

సంస్కర్త జాన్ కాల్విన్ అనుయాయులు మరో అడుగు వేశారు. దేవుడు ఎన్నుకున్నవారిని చివరిదాకా ఆయనే నిలబెడతాడని 1618-19 నాటి డార్ట్ మహాసభ ప్రకటించింది. అయితే ఎన్నికైనవారిలో నేనున్నానా అన్న కొత్త దిగులు అక్కడే పుట్టింది. దానికి జవాబుగా, మారిన జీవితంలో ఆనవాళ్లు వెతుక్కునే పద్ధతి ప్యూరిటన్లలో స్థిరపడింది.

మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీ 1738 మే 24న లండన్‌లోని అల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూటంలో కూర్చుని, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట వింటూ, తన పాపాలు తొలగిపోయాయన్న నమ్మకం పొందాడు. పరిశుద్ధాత్మ స్వయంగా మనసులో ఇచ్చే సాక్ష్యాన్ని మెథడిస్టులు ముఖ్యంగా బోధించారు. కానీ వెస్లీ దృష్టిలో ఇది నేటి రక్షణకు సంబంధించిన నిశ్చయత. విశ్వాసి పడిపోయే ప్రమాదం ఉందనే ఆయన నమ్మాడు. మెదక్ ప్రాంతంలో వెస్లియన్ మిషనరీల ద్వారా వచ్చింది ఈ బోధే.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కథోలిక, లూథరన్ ప్రతినిధులు నీతిమంతులుగా తీర్చబడడం గురించి సంయుక్త ప్రకటన మీద సంతకాలు చేశారు. అందులో నిశ్చయతకు ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించారు. తన బలహీనత చూసి విశ్వాసి దిగులుపడవచ్చు గాని, దేవుని వాగ్దానాన్ని శంకించనక్కర్లేదని రెండు సంఘాలూ అందులో అంగీకరించాయి. మెథడిస్టులు 2006లో చేరారు. మన సంఘాల్లో ఈ ప్రకటనను గురించి బోధించడం చాలా అరుదు, అది విచారించవలసిన సంగతి.

తెలుగునాట

ఉదాహరణకు, రాయలసీమలోని లేపాక్షి చుట్టుపక్కల క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. 18వ శతాబ్దపు తొలి దశకాల్లో ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్ పుంగనూరు నుంచి కృష్ణాపురం, ధర్మవరం వైపు విస్తరించింది. 1810లో బళ్లారి చేరిన లండన్ మిషనరీ సొసైటీ తర్వాతి కాలంలో గుత్తి, అనంతపురం వరకు పని పెంచుకుంది. ఇవాళ ఈ ప్రాంతపు కథోలికులు 1967లో ఏర్పడిన కర్నూలు పీఠం కిందికి వస్తారు. లండన్ మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న పుట్టిన దక్షిణ ఇండియా సంఘంలో భాగమై, రాయలసీమ అధ్యక్ష మండలంలో ఉన్నాయి. సీఎస్ఐలో ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ ధారలు కలిశాయి కాబట్టి, నిశ్చయత గురించి ఒకే ప్రసంగ వేదిక మీద నుంచి వేర్వేరు స్వరాలు వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు క్రైస్తవంలో ఈ ప్రశ్న పెద్దయెత్తున ఎదురైంది ఒంగోలులో. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండికోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వీరిలో ఎందరు నిజంగా మారుమనస్సు పొందారన్న ప్రశ్న అప్పుడే లేచింది. మాదిగ పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చాయి. నిర్ణయం ఒక్కొక్కరిది కాదు, ఇంటిది, పల్లెది. ఇలాంటి సామూహిక ఉద్యమాల మీద మిషనరీ జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన పరిశోధన ఒక గట్టి సంగతి చెప్పింది. ఏ కారణంతో సంఘంలోకి వచ్చారన్న దానికన్నా, వచ్చాక వారికి అందిన బోధ, సంరక్షణలే వారి విశ్వాసాన్ని ఎక్కువగా తీర్చిదిద్దాయి. ప్రవేశద్వారాన్ని బట్టే రక్షణను కొలిచేవారు ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేరు.

20వ శతాబ్దంలో ఒరవడి మారింది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో చదువుకుంటూ 1929లో క్రీస్తును నమ్మిన భక్తసింగ్ (1903-2000) హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా తెలుగు జిల్లాలంతటా స్థానిక సంఘాలు నెలకొల్పాడు. ఈ సంఘాల్లో తిరిగి జన్మించిన అనుభవం వ్యక్తిగతంగా ఉండాలి, దాన్ని నోటితో చెప్పగలగాలి. పెంతెకొస్తు సంఘాలు నూతన జన్మకు తోడు ఆత్మాభిషేకాన్ని కూడా కోరతాయి. వెనుదీస్తే రక్షణ పోగొట్టుకునే అవకాశం ఉందని వీటిలో ఎక్కువ భాగం బోధిస్తాయి. ఎం. దేవదాసు అయ్యగారు 1938లో రాజమండ్రిలో ప్రారంభించిన బైబిలు మిషనులో క్రీస్తు రెండో రాకడ సిద్ధపాటుకు పెద్దపీట. అక్కడ రక్షణ పొందడం ఒక మెట్టు, ఆ రాకడలో క్రీస్తును ఎదుర్కొనే పెండ్లికుమార్తె వరుసలో చేరడం మరో మెట్టు. రక్షణ గురించి దిగులు లేనివారికి కూడా ఆ వరుస గురించి ఆరాటం ఉంటుంది. తెలుగు నేల మీద పుట్టిన ఈ ఆలోచనకు సిద్ధాంత గ్రంథాల్లో దక్కవలసినంత చోటు దక్కలేదు.

సాక్ష్యం చెప్పే ఆనవాయితీ

నూతన జన్మ అనుభవాన్ని కోరే సంఘాల్లో బాప్తిస్మానికి ముందు పెద్దలు అభ్యర్థిని కూర్చోబెట్టి మాట్లాడతారు. ఎప్పుడు రక్షింపబడ్డావు, ఏ వాక్యం ద్వారా దేవుడు మాట్లాడాడు, ఆ తర్వాత నీలో ఏం మారింది అని అడుగుతారు. తర్వాత సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఈ సాక్ష్యాలకు ఒక మూస ఏర్పడింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టినా నామకార్థ క్రైస్తవుడిగా పెరిగానని మొదలవుతుంది. సినిమాలు, స్నేహితులు, చెడు అలవాట్లు వరుసగా వస్తాయి. జబ్బో, పరీక్ష తప్పడమో, ఒక ఉజ్జీవ కూటమో మలుపు అవుతుంది. చివర ఫలానా తారీఖున ప్రభువును సొంత రక్షకుడిగా అంగీకరించానని ముగుస్తుంది.

ఈ ఆనవాయితీ చేసిన మేలు చిన్నది కాదు. తాగుడు మానిన భర్త తన భార్య ఎదుటే, ఊరి ఎదుటే సాక్ష్యం చెబితే దానికి బలం ఉంటుంది, వెనక్కి తగ్గడం కష్టమవుతుంది. చదువురాని ఆడవాళ్లకు సభలో నోరు విప్పే మొదటి అవకాశం చాలాచోట్ల ఇదే అయింది. అయితే తల్లి ఒడిలో ప్రార్థన నేర్చుకుని, దేవుణ్ణి నమ్మని రోజంటూ ఎరగని పిల్లకు చెప్పుకోడానికి తారీఖు ఉండదు. ఆ పిల్ల తనలో ఏదో లోపం ఉందనుకుంటుంది. ప్రతి కూటంలోనూ చేయి ఎత్తుతుంది, ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి రక్షణ పొందాలని చూస్తుంది. కొందరు పసితనంలో పొందిన బాప్తిస్మం చాలదని నీటిలో ముంచి ఇచ్చే బాప్తిస్మం తీసుకుంటారు. కథోలిక, లూథరన్, సీఎస్ఐ సంఘాలు దీన్ని రెండో బాప్తిస్మంగా ఎంచి అంగీకరించవు. దాని వల్ల పెళ్లిళ్లు, సమాధి స్థలాల దగ్గర కూడా పేచీలు వస్తాయి. రక్షణకు తారీఖు గుర్తుండాలని లేఖనం ఎక్కడా అడగలేదు. దాన్ని షరతుగా పెట్టేవారు విశ్వాసి చూపును క్రీస్తు మీద నుంచి అతని జ్ఞాపకశక్తి మీదికి మళ్లిస్తున్నారు.

సమీప భావాలు

మోక్షం ఎవరి చేతిలో ఉందన్న విచారణ ఈ ప్రాంతానికి కొత్త కాదు. రావణుడి చేతిలో పడిన జటాయువుకు రాముడు మోక్షమిచ్చిన చోటు లేపాక్షేనని స్థలపురాణం. శ్రీవైష్ణవంలో ఇదే ప్రశ్న మీద రెండు శాఖలు ఏర్పడ్డాయి. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుని వేలాడుతుంది కాబట్టి జీవుడి వైపు నుంచి కొంత ప్రయత్నం కావాలని వడగలై వారు, పిల్లికూనను తల్లే నోట కరుచుకుని పోతుంది కాబట్టి భారమంతా భగవంతుడిదేనని తెంగలై వారు చెబుతారు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని వీటికి పేర్లు. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1930లో వచ్చిన గ్రంథంలో ఈ కృపావాదాన్ని క్రైస్తవంతో పోల్చి చర్చించాడు. తెలుగు పాస్టర్లు కాల్విన్, వెస్లీల భేదాన్ని బోధించవలసి వచ్చినప్పుడు, ఈ రెండు న్యాయాలతో మొదలుపెడితే వినేవారికి త్వరగా అందుతుంది.

నిశ్చయత లేని విశ్వాసి

విశ్వాసం ఉండి కూడా నిశ్చయత లేకుండా చాలాకాలం గడిపేవారు ఉంటారని 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 18వ అధ్యాయంలో ఒప్పుకుంటుంది. నిశ్చయతను విశ్వాసంలో విడదీయరాని భాగంగా అది లెక్కించలేదు. ఈ వెసులుబాటు ఎంత అవసరమో ఆంగ్ల కవి విలియం కౌపర్ (1731-1800) జీవితం చూపుతుంది. సంఘ సేవకుడు జాన్ న్యూటన్‌తో కలిసి ఆయన రాసిన ఓల్నీ కీర్తనలు 1779లో అచ్చయ్యాయి. అప్పటికి ఆరేళ్ల ముందు నుంచే, తీవ్రమైన మానసిక వ్యాధి నడుమ, దేవుడు తనను తోసిపుచ్చాడని కౌపర్ నమ్ముతూ వచ్చాడు. ఆ నమ్మకం చివరిదాకా ఆయన్ను వదల్లేదు. న్యూటన్ మాత్రం స్నేహితుడి రక్షణను ఏనాడూ సందేహించలేదు, ఆయన చనిపోయాక సంస్మరణ ప్రసంగం చేశాడు. మనసు కుంగిపోయిన మనిషి తన గురించి చెప్పుకునే తీర్పును సంఘం అతని ఆత్మస్థితికి కొలమానంగా తీసుకోకూడదని ఆనాటి సేవకుడికి తెలుసు. మన ఊళ్లలో ఇలాంటి స్థితిలో ఉన్నవారికి దయ్యం పట్టిందని, ఒప్పుకోని పాపం ఏదో ఉందని చెప్పడం ఇంకా జరుగుతోంది. వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లడం, ఇంటికి వెళ్లి పక్కన కూర్చుని ప్రార్థించడం, మంచం పట్టినవారికి ప్రభు భోజనం ఇంటికే తీసుకువెళ్లి ఇవ్వడం పాస్టరు, గురువు చేయవలసిన పనులు. కథోలిక, సీఎస్ఐ, లూథరన్ సంఘాలన్నిటిలో ఇందుకు క్రమం ఉంది. ఆ క్రమంలో రోగిని ఎప్పుడు రక్షింపబడ్డావని ఎవరూ అడగరు.