సీప్లేన్

నీటి మీది నుంచి లేచి నీటి మీదే దిగగల విమానం సీప్లేన్. చక్రాల చోట ఫ్లోట్లు బిగించినది ఫ్లోట్‌ప్లేన్. విమానం పొట్టే పడవలా తేలేది ఫ్లయింగ్ బోటు. వీటిలో దేనికైనా ముడుచుకునే చక్రాలు కూడా ఉండి రన్‌వే మీద దిగగలిగితే అది ఆంఫీబియన్.

తొలి ఘనత ఎవరిదన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. ఆస్ట్రియాలో విల్‌హెల్మ్ క్రెస్ 1901లోనే ప్రయత్నించాడు గానీ యంత్రం గాలిలోకి లేవకుండానే బోల్తా పడింది. అమెరికన్ రచనలు కొన్ని గ్లెన్ కర్టిస్‌కు పెద్దపీట వేస్తాయి. అయితే అతను శాన్ డియాగోలో ఎగిరింది 1911 జనవరి 26న. ఫ్రాన్స్‌లోని బెర్ సరస్సు మీద ఆన్రీ ఫాబ్ర్ 50 అశ్వశక్తి నోమ్ ఇంజన్‌తో 1910 మార్చి 28నే ఎగిరాడు. ఆ తొలి ప్రయాణ దూరాన్ని అర కిలోమీటరుకు అటూ ఇటూగా చెబుతారు. తేదీలను బట్టి ఫాబ్ర్‌నే ముందు నిలపాలి. వాడుకకు పనికొచ్చే రూపం తెచ్చింది మాత్రం కర్టిసే.

ఎగరడం కన్నా నీటిని విడిపించుకోవడమే ఈ విమానాలకు కష్టం. వేగం అందుకునే కొద్దీ పొట్ట పైకి తేలి నీటి మీద జారుతూ పోవాలి. కానీ వెనక భాగపు వంపును నీరు అంటిపెట్టుకుని కిందికి పీలుస్తుంది. అందుకే గరిమనాభికి కాస్త వెనగ్గా అడుగును మెట్టులా తెగ్గొడతారు. నీటి పొర అక్కడ విడిపోతే ఆ సందులోకి గాలి చొరబడుతుంది. 1912లో కర్టిస్ తొలి ఫ్లయింగ్ బోటు లేవకుండా మొరాయించాక, తర్వాతి దానికి ఈ మెట్టు అమర్చారు. అద్దంలాంటి నీరు అనువుగా కనిపిస్తుంది గానీ పైలట్లకు చిరు అలలే నయం. కదలని నీరు లేచేటప్పుడు అంత తేలిగ్గా వదలదు, దిగేటప్పుడు ఎత్తు అంచనాకు అందదు.

రన్‌వేలు అరుదైన 1930లలో సముద్రాలు దాటే ప్రయాణాలకు ఫ్లయింగ్ బోట్లే దిక్కు. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ బోట్లు కరాచీ, రాజ్‌సమంద్, గ్వాలియర్, అలహాబాద్, కలకత్తాల మీదుగా సాగేవి. రెండో ప్రపంచ యుద్ధం కోసం వేసిన పొడవాటి రన్‌వేలు శాంతికాలంలో ఆ బోట్ల అవసరం లేకుండా చేశాయి. రెక్కల వెడల్పు 97 మీటర్లకు పైగా ఉన్న ఫ్లయింగ్ బోటు హ్యూస్ హెర్క్యులీస్ 1947 నవంబర్ 2న కాసేపు ఎగిరింది, మళ్లీ లేవలేదు.

నేడు ఇవి మాల్దీవుల్లో పర్యాటకులను మోస్తున్నాయి, అడవి మంటలు ఆర్పుతున్నాయి. కెనడాలో రూపొందిన సీఎల్-415 నీటిపై జారుతూనే 12 సెకన్లలో దాదాపు 6,000 లీటర్లు నింపుకుంటుంది. భారత్‌లో అండమాన్ సర్వీసు గానీ, 2020 అక్టోబర్ 31న మొదలైన సబర్మతి సర్వీసు గానీ నిలదొక్కుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మక ప్రయాణం జరిగింది.