తీగ ఎక్కడ తెగుతుంది?

పులివెందుల పక్కన తుమ్మలపల్లెకు పోయినప్పుడల్లా మా చిన్నాయన ఒకటే మాట అడుగుతాడు. "ఏమప్పా, ఇంజనీరు చదివినావు గదా, మన కాడ తవ్వే యురేనియంతోనే గదా ట్యాంకులను తూట్లు పొడిచే గుండ్లు చేసేది?" కాదని చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఎందుకు కాదో నాకూ సరిగ్గా తెలియదు. అది తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే 1872 దాకా వెనక్కి పోవాల్సి వచ్చింది.

ముందు చిన్నాయనకు జవాబు. తుమ్మలపల్లెలో యురేనియం డోలమైట్ రాతిలో చాలా పలచగా ఉంటుంది. వంద కిలోల రాయికి యాభై గ్రాములు కూడా రాదు. ఆమ్లం పోస్తే ఆ రాయే ఆమ్లాన్ని తాగేస్తుంది కాబట్టి ఇక్కడ క్షార పద్ధతి వాడతారు. 2007లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు నుంచి వచ్చే పచ్చటి పొడి హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు పోయి, భారజల రియాక్టర్లకు ఇంధనం అవుతుంది. గుండ్లకు వాడేది వేరే సరుకు. సహజ యురేనియంలో 0.7 శాతం ఉండే 235 రకాన్ని చాలావరకు లాగేసుకున్నాక మిగిలేది. భారజల రియాక్టర్లకు సహజ యురేనియమే చాలు కాబట్టి ఈ దారిలో ఆ మిగులు పుట్టదు.

అయితే చిన్నాయన అనుమానం గాల్లోంచి రాలేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా ట్యాంకులు ఆ గుండ్లనే వాడాయి. గుండు అంటాం గానీ నిజానికది సెకనుకు కిలోమీటరున్నర వేగంతో దూసుకుపోయే సన్నని బాణం. టంగ్‌స్టన్ కూడా యురేనియమంత బరువైన లోహమే. అయినా యురేనియం బాణమే ఎక్కువ లోతుకు దిగుతుంది. కవచాన్ని తాకినప్పుడు టంగ్‌స్టన్ మిశ్రమం మొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. యురేనియం మొన మాత్రం అంచుల్లో తెగి రాలిపోతూ, మళ్ళీ మళ్ళీ మొనదేలుతుంది. అంటే అది బాగా పనిచేసేది సరైన చోట విరిగిపోవడం వల్ల! మామూలుగా సాగదీస్తే వేడి చుట్టూ పాకి చల్లారుతుంది. క్షణంలో లక్షోవంతులో సాగదీస్తే వేడికి పోయే సమయం ఉండదు. వేడెక్కిన చోట లోహం మెత్తబడుతుంది, మెత్తబడిన చోటే ఇంకా జారుతుంది, జారిన చోటే ఇంకా వేడెక్కుతుంది. ఆ సన్నని పట్టీ వెంట తెగుతుంది. 1870లలో ప్లాటినం-ఇరిడియం కడ్డీని సుత్తితో సాగగొట్టిస్తున్న ఫ్రెంచి ఇంజనీరు ట్రెస్కా, ప్రతి దెబ్బకూ దాని మీద ఇంటూ గుర్తు ఆకారంలో మెరిసే గీతలు చూశాడు. అవి ఈ వేడి గీతలే.

చూడటం సరే, కొలవడం ఎలా? నన్ను పట్టుకుని వదలని భాగం ఇదే. 1872లో మాంచెస్టర్‌లో జాన్ హాప్‌కిన్‌సన్ ఒక ఇనుప తీగను పైన బిగించి, కింది చివర మీదికి బరువులు జారవిడిచాడు. తీగ తెగడానికి కావలసిన ఎత్తు, బరువు ఎంతైనా ఇంచుమించు ఒకటే అని తేలింది. తేల్చేది బరువు కాదు, వేగం. ఇంకో వింత, తీగ చాలాసార్లు దెబ్బ తగిలిన కింది చివర కాకుండా పైన బిగించిన చోట తెగింది.

1898లో జాన్, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఆల్ప్స్ కొండల్లో చనిపోయారు. లాయరు పనిలో ఉన్న ఇంకో కొడుకు బెర్‌ట్రామ్ ఆ తర్వాత ఇంజనీరింగులోకి వచ్చి, 1905లో నాన్న ప్రయోగాన్నే మళ్ళీ చేశాడు. 1914లో తూటా దెబ్బను కొలిచే ఉపాయం ప్రచురించాడు. వేలాడదీసిన పొడవాటి ఉక్కు కడ్డీ, దాని చివర అయస్కాంతంతో అంటిపెట్టుకున్న చిన్న ముక్క. ఒక చివర దెబ్బ కొడితే ఒత్తిడి అల కడ్డీ గుండా పోయి ఆ ముక్కను ఎగరగొడుతుంది. ముక్క పొడవు మారుస్తూ, అది ఎంత జోరుగా ఎగిరిందో చూస్తూ పోతే, దెబ్బ ఎంతది, ఎంతసేపు అనేది తెలుస్తుంది. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేకుండా మైక్రోసెకన్ల లెక్క! రోజూ లాగ్ ఫైళ్ళు చూసుకుంటూ బతికే నాకు ఇది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. బెర్‌ట్రామ్ 1918లో విమాన ప్రమాదంలో పోయాడు. 1949లో కోల్‌స్కీ ఆ కడ్డీని రెండుగా చేసి, మధ్యలో పరీక్షించే లోహపు బిళ్ళ పెట్టాడు. ఇవాళ్టి పరీక్ష దాదాపు అదే.

మనవాళ్ళు ఉక్కు చరిత్ర రాస్తే కోనసముద్రం దగ్గర ఆపేస్తారు. ఆ కత్తుల కథ నాకూ ఇష్టమే. కానీ 1963లో హైదరాబాదులో మొదలైన రక్షణ లోహ పరిశోధనాలయం, డి.ఎం.ఆర్.ఎల్., చరిత్ర కాదా? అర్జున్ ట్యాంకు కవచానికి కాంచన్ అని పేరు వచ్చింది ఆ ల్యాబ్ ఉన్న కంచన్‌బాగ్ నుంచే. జి. సుందరరాజన్ లాంటివాళ్ళు అక్కడ ఏళ్ళ తరబడి చేసిన పని, వేగంగా వచ్చి తగిలే వస్తువు కింద లోహం ఏమవుతుందనే దాని మీదే. మన సైన్యపు బాణాలకు టంగ్‌స్టన్ మిశ్రమాన్ని తీర్చిదిద్దిందీ ఆ ల్యాబే. వాటిని చేసే కర్మాగారం తిరుచిరాపల్లిలో ఉంది.

మొన్న సంక్రాంతికి ఇదంతా చిన్నాయనకు చెప్పాను. యురేనియం సంగతి విని "సరేలే" అన్నాడు. తీగ దగ్గర మాత్రం ఆపి మళ్ళీ చెప్పమన్నాడు. అల బిగింపుకు తగిలి వెనక్కి తిరిగేటప్పుడు అక్కడ ఒత్తిడి రెట్టింపవుతుందని నేల మీద గీసి చూపించబోయాను.

"దానికి బొమ్మెందుకు? ఎద్దు బెదిరి ఒక్కసారి గుంజితే పగ్గం గుంజ కాడనే తెగుతాది" అన్నాడు.