భిలాయి క్యాంప్ 2: డిజిటల్ నిబంధనల్లో తెలుగుకు చోటెంత?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దుర్గ్ జిల్లాలోని భిలాయి నగరంలో క్యాంప్ 2 ఒక శ్రామికవాడ. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయిలో ఉక్కు కర్మాగారం నిర్మాణమైంది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఆ కర్మాగారం కల్పించిన ఉపాధి దేశం నలుమూలల నుంచి కార్మికులను రప్పించింది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం ఉత్తరాంధ్ర ప్రజలకు ఈ ప్రాంతాన్ని దగ్గర చేసింది. అలా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే సమాజం మధ్య తమ ఇంటి భాషను కాపాడుకుంటున్నాయి.

ఇటువంటి వాడల్లో ఇప్పుడు వార్త చేరే ప్రధాన సాధనం చేతిలోని ఫోన్. కుటుంబ సమాచారం, ప్రభుత్వ పథకాల ప్రకటనలు, వదంతులు, మోసపు సందేశాలు ఒకే తెరపై కనిపిస్తాయి. ఆ తెరను నడిపే సంస్థలకు వర్తించే నిబంధనలు తెలుగు వాడుకరికి ఏ మేరకు అందుతున్నాయి అనేది ప్రసార మాధ్యమాల పరిశోధనలో ఒక ముఖ్యమైన ప్రశ్న.

పటం నిర్ణయించిన భాష

ప్రసార రంగంలో శ్రోత భాషను చాలాకాలం భౌగోళిక పటమే నిర్ణయించింది. అందుకు మంచి ఉదాహరణ ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం. ‘సైట్’ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగం 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగింది. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించారు. నాటి మధ్యప్రదేశ్ నుంచి రాయపూర్, బిలాస్‌పూర్, దుర్గ్ జిల్లాలు, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు ఇందులో ఉన్నాయి.

ఉపగ్రహ ప్రసారంలో ఒక దృశ్య మార్గం, రెండు శబ్ద మార్గాలు ఉండేవి. అందువల్ల ఒకే చిత్రాన్ని రెండు భాషల్లో వినిపించడం సాధ్యమైంది. కర్నూలు జిల్లా గ్రామానికి తెలుగు, దుర్గ్ జిల్లా గ్రామానికి హిందీ ప్రసారాలు చేరాయి. రాష్ట్రం హద్దును బట్టి భాష నిర్ణయమైంది. హద్దు దాటి వెళ్లిన తెలుగు కార్మికుడు ఆ లెక్కలో హిందీ ప్రాంత నివాసి మాత్రమే.

సైట్ ప్రయోగంలో ప్రసారంతోపాటు దాని ప్రభావంపై పరిశోధనకు కూడా ప్రాధాన్యం లభించింది. ప్రసారాలకు ముందు, మధ్యలో, తరువాత సర్వేలు జరిగాయి. మానవశాస్త్ర పరిశోధకులు గ్రామాల్లోనే నివసించి పరిశీలించారు. ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం వంటి విషయాల్లో మహిళలు, నిరక్షరాస్యులు చెప్పుకోదగిన అవగాహన పొందినట్లు అధ్యయనాలు గుర్తించాయి. చదవడం రానివారికి, అర్థమయ్యే భాషలో వినిపించే మాట ఎంత ఉపయోగపడుతుందో ఆ ఫలితం తెలిపింది.

వ్యక్తిని అనుసరించే భాష

డిజిటల్ వేదికలకు సంబంధించిన నేటి చట్టాలు ఈ పద్ధతిని మార్చాయి. సమాచార సాంకేతిక చట్టం, 2000 కింద 2021 ఫిబ్రవరి 25న మధ్యవర్తి సంస్థల నియమావళి వెలువడింది. సామాజిక మాధ్యమాలు, సందేశ వేదికలు ఈ మధ్యవర్తి సంస్థల కోవలోకి వస్తాయి. దేశంలో 50 లక్షలకు మించి నమోదిత వాడుకరులు ఉన్న సామాజిక మాధ్యమాలకు అదనపు బాధ్యతలు ఉన్నాయి. అవి భారతదేశంలో నివసించే ఫిర్యాదుల అధికారిని నియమించాలి. అందిన ఫిర్యాదులు, తీసుకున్న చర్యలపై ప్రతి నెలా నివేదిక ప్రచురించాలి.

2022 అక్టోబరులో జరిగిన సవరణ భాష విషయాన్ని స్పష్టం చేసింది. వేదిక నియమాలు, గోప్యతా విధానం, వాడుకరి ఒప్పందం ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదైనా భాషలో గాని, వాడుకరి కోరుకున్న భాషలో తెలియజేయాలని నిర్దేశించింది. ఆ షెడ్యూలులోని 22 భాషల్లో తెలుగు ఒకటి. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. ఒక వ్యక్తి సమాచారాన్ని వాడుకోవడానికి సమ్మతి కోరే సంస్థ, ఆ అభ్యర్థనను స్పష్టమైన సరళమైన భాషలో ఉంచి, ఇంగ్లీషులో లేదా ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా చూసే వీలు కల్పించాలి. చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటిని దశలవారీగా అమలు చేస్తారు.

ఈ నిబంధనలు నివాస స్థలాన్ని అడగవు. కర్నూలులో ఉన్న తెలుగు వాడుకరికి ఉన్న హక్కే భిలాయి క్యాంప్ 2లోని తెలుగు వాడుకరికీ ఉంది. సైట్ కాలంలో భాష రాష్ట్రాన్ని అనుసరించింది. నేటి నిబంధనల్లో అది వ్యక్తిని అనుసరిస్తున్నది.

లిపి వద్ద ఆగిపోయే హక్కు

అయితే ఈ హక్కు పాఠం రూపంలో ఉంది. నియమాలు తెలుగులో ఉండాలంటే, ఆచరణలో అవి తెలుగు లిపిలో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీలో చదువుకున్న తరానికి ఆ లిపి సులువుగా అందదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించేందుకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. 1956లో ఏడో సవరణ ద్వారా చేరిన ఈ అధికరణానికీ, నేటి డిజిటల్ చట్టాలకూ ఇక్కడ సంబంధం ఏర్పడుతుంది. బడిలో మాతృభాష అందని వ్యక్తికి, ఫోన్‌లో మాతృభాషలో ఉన్న ఒప్పందం కూడా అందదు.

సందేశాల విషయంలో మరో చిక్కు ఉంది. తెలుగు మాటలను రోమన్ అక్షరాల్లోనో, దేవనాగరిలోనో రాసుకోవడం, మధ్యలో హిందీ పదాలు కలపడం ఇటువంటి సమాజాల్లో సహజం. తప్పుడు సమాచారాన్ని, విద్వేష సందేశాలను గుర్తించే యంత్ర వ్యవస్థలకు ప్రామాణిక భాషలో రాసిన పాఠం తేలిక. ఒక భాషను మరో లిపిలో రాసిన మిశ్రమ పాఠం, మాండలికంలో పంపిన శబ్ద సందేశం వాటికి కష్టం. అప్పుడు ఆ భాష తెలిసిన మనుషులే పరిశీలించవలసి వస్తుంది.

అటువంటి పరిశీలకులు ఎందరు ఉన్నారు అనే ప్రశ్న వద్ద భారత, ఐరోపా విధానాలు వేరవుతాయి. ఐరోపా సమాఖ్య 2022లో తెచ్చిన డిజిటల్ సేవల చట్టం ప్రకారం, అతి పెద్ద వేదికలు పోస్టులను పరిశీలించే సిబ్బంది వివరాలను సభ్యదేశాల అధికార భాషల వారీగా వెల్లడించాలి. మన 2021 నియమావళి కోరే నెలవారీ నివేదికలో ఫిర్యాదుల సంఖ్య, తీసుకున్న చర్యలు, సంస్థ స్వయంగా గుర్తించి తొలగించిన లంకెల వివరాలు ఉంటాయి. భాషల వారీ లెక్క చూపాలన్న షరతు అందులో లేదు. తెలుగులో వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, వాటిని తెలుగు తెలిసినవారు చూశారా అనేది ఆ నివేదికల నుంచి తెలియదు. పరిశోధకులకు కావలసిన మొదటి గణాంకమే ఇలా కొరవడుతున్నది.

వాడుకరికి ఉన్న మార్గాలు

అభ్యంతరకరమైన పోస్టు లేదా నకిలీ ఖాతా విషయంలో వాడుకరి ముందుగా ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి తెలియజేయాలి. అధికారి పేరు, సంప్రదించే విధానం వేదిక వెబ్‌సైటులో, యాప్‌లో ప్రచురించడం తప్పనిసరి. అక్కడి నిర్ణయం సంతృప్తికరంగా లేకపోతే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం నియమించిన ఫిర్యాదుల అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో విన్నవించుకోవచ్చు. ఇటువంటి మూడు కమిటీలను 2023లో ఏర్పాటు చేశారు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే డబ్బు ఇతర ఖాతాలకు తరలిపోకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘భాషిణి’ వేదిక భారతీయ భాషల మధ్య అనువాదంతోపాటు మాటను పాఠంగా, పాఠాన్ని మాటగా మార్చే సాంకేతికతను అందిస్తున్నది. సమ్మతి పత్రాన్ని, ఫిర్యాదు విధానాన్ని చదివి వినిపించడానికి ఇటువంటి సాంకేతికత ఉపయోగపడగలదు. ప్రసార సంస్థలకూ ఇందులో పాత్ర ఉంది. మోసపు సందేశం వచ్చినప్పుడు ఏమి చేయాలో, ఎవరికి ఫిర్యాదు చేయాలో రెండు నిమిషాల తెలుగు శబ్ద ప్రకటనగా రూపొందిస్తే, తెలుగు లిపి రాని కార్మికుడు కూడా క్యాంప్ 2లోని తన ఇంట్లో దానిని ఫోన్‌లో విని అర్థం చేసుకోగలడు.